పేరు వెనుక నుండవలసిన కట్టుబాటు

ఊరి పేరుతో పంటకు గిరాకీ వచ్చుట మన రైతులకు క్రొత్త సంగతి కాదు. గుంటూరు మిరప, దుగ్గిరాల పసుపు, బనగానపల్లె మామిడి, పలాస జీడిపప్పు, తాండూరు కంది అను మాటలు చెవిని బడినంతనే కొనువాడు బేరమాడుట తగ్గించి సంచి తెరచును. ఒక ఊరి మట్టి, నీరు, ఎండ, అక్కడి రైతుల పనితనము తరతరములుగా కలిసి సంపాదించి పెట్టిన పరపతి ఇది. అయితే ఆ పేరుతో అంగడిలో అమ్ముడగు సరుకంతయు ఆ ఊరి పొలములలో పండినదేనా, ఆ ఊరివారు పండించు తీరుననే పండినదేనా యని అడిగినచో జవాబు చెప్పువారుండరు. పండించువాడొకడు, పేరు వాడుకొనువాడు మరియొకడు. పేరు వలన అదనముగా వచ్చు నాలుగు రూపాయలు ఎవరి మూటకు చేరుచున్నవో మార్కెట్టు యార్డులో ఒక్క పూట నిలబడి చూచిన తెలిసిపోవును.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. ఐరోపాలో ద్రాక్ష పండించు దేశములన్నియు ఈ బాధ పడినవే. వాటిలో ఇటలీ దేశము 1963 జూలైలో ఒక శాసనము చేసి, ఊరి పేరుతో వైను అమ్మదలచినవాడు ఆ పేరునకు తగిన కట్టుబాటునకు లోబడి తీరవలెనని నిర్ణయించినది. ఆ శాసనము క్రింద గుర్తింపు పొందిన పేర్లలో లోకప్రసిద్ధమైనవి కొన్ని గలవు. వాటిని విడిచి, మన పత్రికలలో సాధారణముగా కనబడని పాంతెల్లెరియా యను చిన్న దీవిని గూర్చి వ్రాయుచున్నాను. ఆ దీవి రైతు పడు పాట్లు మన మెట్టరైతు పాట్లను పోలియుండుటయే ఇందుకు కారణము. వైను ప్రసక్తి వ్యవసాయ పత్రికలో ఏల యని కొందరు పెద్దలు నొసలు ముడుచుకొనవచ్చును. త్రాగుడును గూర్చి నేను చెప్పునదేమియు లేదు; పొలమును గూర్చి, పేరును గూర్చి మాత్రమే చెప్పెదను.

గాలి దీవి

పాంతెల్లెరియా మధ్యధరా సముద్రములో సిసిలీకిని ఆఫ్రికా తీరమందలి ట్యునీసియాకును నడుమ నున్నది. ఇటలీకి చెందినదే కాని సిసిలీ కంటె ట్యునీసియాయే దానికి దగ్గర. విస్తీర్ణము 83 చదరపు కిలోమీటర్లు. మన వైపు ఒక మండలమంత కూడ ఉండదు. జనాభా ఎనిమిది వేలకు లోపు. అగ్నిపర్వతము సముద్రము నుండి పైకి లేచి ఏర్పడిన నేల యగుటచే ఎటు చూచినను నల్లరాయి, ఏటవాలు. నడుమ నున్న కొండ ఎత్తు 836 మీటర్లు. ఏడాది పొడవునా పారు ఏరొకటియు లేదు. వాన చలికాలమున కొంత కురిసి వేసవి యంతయు మొగము చాటువేయును. వీటన్నిటికి మించినది గాలి. సముద్రము మీదుగా ఉప్పుగాలి ఏడాదిలో ఎక్కువ దినములు వీచుచునే యుండును.

ఇట్టి చోట పందిరి వేసి ద్రాక్ష పెంచుట కల్ల. అందుచే దీవి రైతులు తీగను పైకి పోనీయరు. ముందుగా నేలను చదును చేసి, ఒక్కొక్క మొక్కకు పళ్లెము వంటి గుంట త్రవ్వి దానిలో నాటుదురు. మొక్క ఎదిగిన కొలది కత్తిరింపు చేయుచు, మొదలు నుండి ఆరు కొమ్మలు బండిచక్రపు ఆకుల వలె నలుప్రక్కలకు విచ్చుకొనునట్లు తీర్చుదురు. తుదకు అది నేలనంటి కూర్చున్న పొదగా తయారగును. గాలి దాని పైనుండి సాగిపోవును; గుంటలో వానచినుకు, రాత్రి మంచు నిలిచి మొదటికి చేరును. గుంట చెదరిపోకుండ ఎప్పటికప్పుడు మట్టి సర్ది మరల తీర్చుట తప్పని పని. ఈ పద్ధతిని వారి భాషలో ఆల్బెరెల్లో అందురు. 'చిన్న చెట్టు' అని అర్థము. మెట్ట పొలములలో మామిడి మొక్కలకు, సీతాఫలపు మొక్కలకు పాదులు చేసినవారికి ఇందలి కిటుకు వివరింపనక్కరలేదు. 2014 లో యునెస్కో సంస్థ ఈ సాగు పద్ధతిని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చినది. గుడులను, కోటలను కాదు, ద్రాక్షమొక్కకు పాదు చేయు విద్యను చేర్చినదని రైతులు గమనింపవలెను. ఆ సంస్థ చెప్పిన ప్రకారము దీవిలో సుమారు 5,000 మందికి తలా ఒక కమతము గలదు. కాబట్టి ఇది దొరల తోటల సంగతి కాదు, చిన్న రైతుల సంగతి.

కొండవాలున మెట్లు మెట్లుగా కయ్యలు దిద్ది, వాటి అంచులకు సున్నము గాని బంకమట్టి గాని లేకుండ ఉత్త రాళ్లు పేర్చి గోడలు నిలుపుదురు. పొలములో ఏరిన రాయియే గోడకు పనికివచ్చుటచే రెండు పనులు ఒక్కసారి తీరును. ఈ రాతికట్టు విద్యను కూడ 2018 లో ఇటలీతో పాటు మరి ఏడు దేశముల పేరిట యునెస్కో గుర్తించినది. మన అనంతపురము వైపున, పాలమూరు వైపున రాతికట్టలు వేసిన ముసలి రైతులు ఇంకను కొందరున్నారు. వారిని పిలిచి పీట వేసినవారెవరును లేరు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పక పోలేను. నారింజ, నిమ్మ చెట్లకు ఆ దీవి గాలి పడదు. కనుక ఒకే ఒక చెట్టు కొరకు చుట్టును గుండ్రని రాతిగోడ నిలువెత్తుకు మించి కట్టుట అక్కడి ఆచారము. గోడ లోపల గాలి ఆడదు, తేమ నిలుచును. ఇండ్ల కప్పులను గుమ్మటముల వలె కట్టి, వాటిపై పడిన వాననీరంతయు నేల క్రింది తొట్టిలోనికి దిగునట్లు చేయుదురు. ఒక్క నారింజచెట్టుకు కోట కట్టిన రైతును చూచి నవ్వువారుండవచ్చును. బోరు మీద బోరు వేసి, ఎండిన తోటను చూచి ఏడ్చుట కంటె ఆ నవ్వు మేలు.

కట్టుబాటు ఏమి చెప్పును?

దీవిలో ముఖ్యమైన ద్రాక్ష రకమునకు జిబిబ్బో యని పేరు. ఎండుద్రాక్షకు అరబ్బీ భాషలో గల 'జబీబ్' అను మాటయే ఈ పేరునకు మూలము. అలెగ్జాండ్రియా మస్కటు అని శాస్త్రజ్ఞులు వ్యవహరించు రకమిదే. గింజ గలది, కండ గలది, మంచి పరిమళము గలది. దీనితో మనకు దూరపు చుట్టరికము కూడ కలదు. దక్షిణాదిన పన్నీరు ద్రాక్ష యను పేరుతో అమ్ముడగు హాంబర్గు మస్కటునకు జన్మనిచ్చిన రెండు రకములలో ఇది యొకటి.

పాంతెల్లెరియా పేరునకు 1971 ఆగస్టులో ప్రభుత్వ గుర్తింపు లభించినది. ఆ పేరు క్రింద పలు విధముల వైనులు గలవు గాని వాటిలో మేలుబంతి 'పస్సితో' యనునది. వడలిన ద్రాక్షతో చేసినదని ఆ మాటకు భావము. దీనికి సంబంధించిన నిబంధనలలో ముఖ్యమైనవి చెప్పెదను.

ద్రాక్ష నూటికి నూరుపాళ్లు జిబిబ్బోయే కావలెను, దీవిలోనే పండవలెను. ఎండబెట్టుట, వైను చేయుట కూడ దీవిలోనే జరుగవలెను. పండు కోసి ఓడ కెక్కించి మరియొక చోట ఎండబెట్టినచో ఆ పేరు చెల్లదు. పండును చెట్టుమీద గాని కోసిన పిమ్మట గాని ఎండలో వడలనీయవలెను. వైనులో చక్కెర కలుపుటను ఇటలీ శాసనము దేశము మొత్తము మీదనే నిషేధించినది గనుక తీపి అంతయు పండు నుండియే రావలెను. తయారైన వైనులో మద్యసారము నూటికి 14 పాళ్లకు తగ్గరాదు. పులియక మిగిలిన తీపిని కూడ మద్యసారపు లెక్కలోనికి మార్చి కలిపినచో మొత్తము 20 పాళ్లకు తగ్గరాదు. కోత జరిగిన మరుసటి సంవత్సరము జూలై 1 వ తేదీ రాకమునుపు అంగడికి పంపరాదు. ఇక హెక్టారునకు 10 టన్నులకు మించి ద్రాక్ష పండించరాదు.

ఈ చివరి మాట వద్ద మన రైతు ఆగిపోవును. పది టన్నులనగా ఎకరమునకు నాలుగు టన్నులు, నలుబది క్వింటాళ్లు. ఒకప్పుడు హైదరాబాదు పరిసరములలో అనాబ్-ఎ-షాహి పందిళ్లు వేసిన రైతులు దీనికి మూడు నాలుగు రెట్లు తీసినవారే. దిగుబడి పెంచుడని ప్రభుత్వము చెప్పగా మనము వింటిమి, పెంచితిమి కూడ. ఇంతకు మించి పండించవద్దని చెప్పు ప్రభుత్వమును మనము వినలేదు.

ఇట్లు చెప్పుటలో రెండు ఉద్దేశములు గలవు. మొదటిది అందరికి తెలిసినదే. చెట్టు మీద కాపు భారము పెరిగిన కొలది ఒక్కొక్క పండులోని తీపి, వాసన పలుచబడును. గెలలు తీసివేసి కాయ బరువు పెంచు తోటమాలికి ఈ సంగతి ఎవరును నేర్పనక్కరలేదు. రెండవ ఉద్దేశమును మాత్రము మనవారు అంతగా గమనింపలేదని నా అభిప్రాయము. ఎకరమునకు ఇంతకు మించి రారాదని గీత గీసినపుడు, ఊరిలో ఎన్ని ఎకరములున్నవో తెలిసిన వెంటనే ఆ పేరుతో లోకములో ఎంత సరుకు ఉండవచ్చునో లెక్క తేలిపోవును. అంతకు మించి ఒక్క బుట్ట కనబడినను అది పైనుండి వచ్చి చేరినదేయని రుజువు. ప్రక్క ఊరి పంటను తెచ్చి కలుపుటకు సందు మిగలదు. దిగుబడికి పెట్టిన ఈ హద్దు నిజముగా కల్తీకి పెట్టిన కళ్లెము. ఇటలీలో సాధారణముగా నడచు పద్ధతి ప్రకారము, హద్దు దాటినది ఐదవ వంతు లోపలనైనచో ఆ దాటిన భాగమునకు మాత్రమే పేరు పోవును. అంతకును మించి దాటినచో ఆ తోటలోని పంట మొత్తమునకే పేరు పోవును. కాబట్టి అబద్ధపు లెక్క చూపుటకు రైతు జంకును.

ఎండబెట్టు పని

ఆగస్టు నెలలో ముందుగా పండిన గుత్తులను చేతితో కోసి, ఎండ బాగుగా తగులు రాతినేల మీద పరచుదురు. మూడు నాలుగు వారములు వాటిని కనిపెట్టుకొని యుండవలెను. రెండు ప్రక్కలకు ఎండ తగులునట్లు గుత్తులను ఒక్కటొక్కటిగా త్రిప్పవలెను. మంచు పడునని, చినుకు రాలునని రాత్రివేళ కప్పవలెను. కుళ్లిన కాయను ఏరిపారవేయవలెను. కళ్లములో మిరపకాయ ఎండబెట్టి, మబ్బు పట్టినపుడెల్ల పట్టాలు పట్టుకొని పరుగెత్తిన గుంటూరు రైతునకు ఈ పని కండ్లకు కట్టినట్లుండును. పచ్చిద్రాక్ష నాలుగు కిలోలు పూర్తిగా ఎండిన పిమ్మట సుమారు కిలో యగును. అనగా నలుబది క్వింటాళ్ల హద్దు కూడ తూకము వద్దకు వచ్చుసరికి ఎంతకు దిగునో ఊహించుకొనుడు. ఎండిన పండ్లను కాడల నుండి చేతితో వలుతురు. సెప్టెంబరులో మిగిలిన తోటల పండు కోసి రసము తీసి పులియబెట్టుచున్నపుడు ఈ ఎండుపండ్లను విడతలు విడతలుగా అందులో చేర్చుదురు. ఎండ అంతయు ఆ రసములోనికి దిగునని చెప్పుకొందురు.

ఏటవాలు కయ్యలలోనికి ట్రాక్టరు పోదు. నేలనంటిన పొదను వంగియే కత్తిరింపవలెను, వంగియే కోయవలెను. ప్రతి పని చేతిపనియే. ఇంత పని చేసిన రైతునకు, యంత్రముతో పండించిన ఇతర ప్రాంతముల ద్రాక్షకు వచ్చు ధరయే వచ్చినచో అతడు మరుసటి ఏడు పొదల వైపు తిరిగి చూడడు. పేరు అవసరమైనది ఇందుకే.

కాచువారెవరు?

నిబంధనలు పుస్తకములో వ్రాసినంత మాత్రమున తోట గట్టు దాటి లోనికి పోవు. ఇటలీలో ప్రతి ద్రాక్షతోటయు ప్రభుత్వ పట్టికలో నమోదు కావలెను. ఏ తోటలో ఏ రకము, ఎంత విస్తీర్ణములో, ఏ సంవత్సరము నాటబడినదో అందులో నుండును. ఏటేటా కోత యైన పిమ్మట రైతు తన దిగుబడిని వ్రాతపూర్వకముగా ప్రకటింపవలెను. వైను తయారైన తరువాత ప్రయోగశాలలో పరీక్ష, ఆ మీదట రుచి చూచు సంఘము ఎదుట పరీక్ష జరిగినగాని సీసాపై ఆ పేరు వేయరాదు. ఈ తనిఖీకి ప్రభుత్వము అనుమతించిన ప్రత్యేక సంస్థలుండును. వాటి ఖర్చును పేరు వాడుకొనువారే భరింతురు.

ఖర్చును వాడుకొనువారే భరించుట నాకు మిక్కిలి నచ్చిన అంశము. ఉచితముగా వచ్చిన తనిఖీదారుని ఎవరును లెక్కచేయరు. తాను డబ్బు చెల్లించి పెట్టుకొన్న కాపలావాడు నిద్రపోయినచో రైతు ఊరకుండడు.

అన్నియు బాగుగా నున్నవా?

దూరపు కొండలు నునుపు. ఆ దీవిలోను కొరతలున్నవి. పాంతెల్లెరియా పేరు క్రిందనే, ద్రాక్ష రసము నుండి వచ్చిన సారమునకు తోడుగా పైనుండి మద్యసారము కలిపి చేయు వైనులకు కూడ అనుమతి గలదు. వాటికి 'లిక్వొరోజో' యను తోక పేరు తగిలింతురు. చేయుట సులభము, ఖర్చు తక్కువ, ధర తక్కువ. కొనువాడు సీసా మీది పెద్ద అక్షరములనే చదువును గాని తోకను చదువడు. నెలరోజులు గుత్తులు త్రిప్పిన రైతు సరుకును, పీపాలో సారము పోసినవాని సరుకును ఒకే అరలో ప్రక్కప్రక్కన నిలువబడునట్లు చేయుట న్యాయము కాదని నా తలంపు. ఒక పేరు క్రింద రెండు నీతులు ఇమడవు. కష్టపు పనికి ఒక పేరు, సులభపు పనికి మరియొక పేరు ఉండవలసినది.

రెండవది, పేరు వచ్చిన తరువాత కూడ దీవిలో ద్రాక్ష సాగు తగ్గుచునే వచ్చినది. ఒకప్పుడు జిబిబ్బో ఎండుద్రాక్షకు, తినుటకు వాడు పచ్చిద్రాక్షకు మంచి బేరముండెడిది. గింజలేని రకములు అంగళ్లను ఆక్రమించిన పిమ్మట ఆ బేరము పడిపోయినది. పిల్లలు చదువుకొని ఓడలెక్కిరి. కొండవాలున అనేక కయ్యలు నేడు పొదలు మొలిచి, గోడలు కూలి పడియున్నవి. ఒక్క గోడ కూలిన దాని పైకయ్య మట్టి జారును. పైకయ్య జారిన దాని పైగోడ కదలును. యునెస్కో పత్రము ఆ గోడలను మరల పేర్చజాలదు. పేరు వలన ధర వచ్చి, ఆ ధర పొలము పని చేయువాని చేతికి చేరినపుడే గోడ నిలుచును. ఈ మాట నేను గట్టిగా చెప్పుటకు కారణము, మన దేశములో ధ్రువపత్రము వచ్చిన దినముననే పని ముగిసినదని తలచువారు ఎక్కువగా నుండుటయే.

మన పేర్ల సంగతి

మన దేశములో సరుకుల భౌగోళిక సూచికల చట్టము 1999 లో చేయబడి, 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోనికి వచ్చినది. దాని క్రింద గుంటూరు సన్నము మిరపకు, 2017 లో బనగానపల్లె మామిడికి, 2019 లో అరకు లోయ అరబికా కాఫీకి, 2022 లో తాండూరు కందికి గుర్తింపు లభించినది. ఆయా దినములలో సభలు జరిగినవి, పత్రికలలో బొమ్మలు పడినవి. సంతోషమే. తరువాత జరిగినదేమి? బనగానపల్లె పేరుతో అమ్మబడు కాయలను ఏ తోట నుండి వచ్చినవని అడుగు యంత్రాంగము సంతలో ఎక్కడ కనబడుచున్నది? సన్నము బస్తాలో మరియొక రకము కలిపి కుట్టినవాని పేరు ఏ పుస్తకములో ఎక్కుచున్నది? చట్టము ప్రకారము దరఖాస్తులోనే తనిఖీ ఏర్పాటును గూర్చి వ్రాయవలెను. వ్రాసిరి. వ్రాసినది కాగితములో నున్నది.

పాంతెల్లెరియా నుండి మనము తెచ్చుకొనవలసినది ద్రాక్షకొమ్మ కాదు, లెక్క. మన గ్రామములలో ఆ లెక్కకు కావలసిన సామగ్రి చాల వరకు సిద్ధముగానే యున్నది. ఆంధ్రప్రదేశములో ఈ-పంట నమోదు జరుగుచున్నది. తెలంగాణలో విస్తరణాధికారులు పంటల వివరములు నమోదు చేయుచున్నారు. ఏ సర్వే నంబరులో ఏ పంట, ఎంత విస్తీర్ణము అను సంగతి గ్రామాధికారికి తెలిసినట్లు మరియెవరికి తెలియును? గుర్తింపు పొందిన పేరు గల పంటకు ఆ పుస్తకములో రకము పేరు కూడ తప్పక వ్రాసి, ఎకరమునకు ఇంతకు మించి రాదని రైతులే కూర్చుండి హద్దు నిర్ణయించుకొన్నచో, మండలము మొత్తము మీద ఆ పేరుతో ఎన్ని క్వింటాళ్లు వెలువడవచ్చునో ఒక్క పూటలో తేలును. యార్డు ద్వారమువద్ద ఆ అంకెను దాటి బస్తాలు వచ్చుచున్నచో తీగ లాగుటకు కొస దొరికినట్లే.

హద్దు నిర్ణయించువారు రైతులే కావలెను. పైనుండి వచ్చిన హద్దును మనవారు తప్పించుకొను తోవలు వెదకుదురు. అన్ని పంటలకు ఇట్లు చేయుడని నేను చెప్పుటలేదు. పేరు లేని వరికి, జొన్నకు దిగుబడి పెంచుటయే ధర్మము. పేరును అమ్ముకొని బ్రతుకదలచిన పంటకే ఈ సంయమనము.

కోత తేదీని గూర్చి మరింత చెప్పవలసియున్నది. జూలై 1 వ తేదీ నిబంధన వంటిది మన మామిడికి లేకపోవుట పెద్ద లోపము. బనగానపల్లె కాయను పక్వమునకు రాకమునుపే కోసి, కార్బైడు పొట్లములు పెట్టి పసుపు రంగు తెప్పించుట చట్టవిరుద్ధమని అందరెరుగుదురు. రంగు వచ్చును, రుచి రాదు. తిన్నవాడు కార్బైడును తిట్టడు, బనగానపల్లెను తిట్టును. తొందరగా కోయుటకు కారణములు లేకపోలేదు. గాలివానకు కాయ రాలునను భయమొకటి, కాపలా ఖర్చొకటి, పూతమీదనే తోటను గుత్తకు తీసికొన్న వ్యాపారి తొందర మరియొకటి. ముందుగా వచ్చిన కాయకు ధర ఎక్కువ. ఇన్ని కారణములు ఒక్కసారి మీద పడినపుడు, ఒంటరి రైతు మాత్రము ఆగి నష్టపోవలెనని చెప్పుట అన్యాయము. ఊరు మొత్తము ఒక తేదీకి కట్టుబడినపుడే అది సాధ్యము. ఏ ఏటి వాతావరణమును బట్టి ఆ ఏటి తేదీని తోటల రైతులు, ఉద్యానశాఖవారు కలిసి నిర్ణయించి దండోరా వేయించుట కష్టమైన పని కాదు. ఆ తేదీకి ముందు లారీ ఎక్కిన కాయకు ఆ పేరు చెల్లదు. కాయను అమ్మవద్దని ఎవరును అనరు. ఉత్త మామిడికాయగా అమ్ముకొనవచ్చును.

చిన్న రైతు ఆగలేడు, అప్పులవాడు గుమ్మము ముందే కూర్చుండును అని కొందరు ఆక్షేపింతురు. ఇది గట్టి ఆక్షేపణయే. మిరప, కంది వంటి నిలువ యుండు సరుకుకు గిడ్డంగి రసీదు మీద అప్పు తెచ్చుకొను వీలు గలదు. మామిడికి ఆ వీలు లేదు. అక్కడ రైతుల ఉత్పత్తి సంఘము ముందస్తు బయానా ఇచ్చి, గుత్తదారు చేతిలో పడకుండ తోటను ఒక నెల నిలుపగలిగిననే తప్ప తేదీ నియమము నిలువదు. బయానాకు సొమ్ము ఎక్కడిదను ప్రశ్నకు తేలిక జవాబు నా వద్ద లేదు. సహకార బ్యాంకులు పేరు గల పంటను వేరు వరుసలో చూడవలెనని మాత్రము కోరుచున్నాను. తాండూరులోను, బనగానపల్లెలోను ఈ పని ఒకటి రెండు గ్రామములతో ఆరంభించి చూచినచో లోటుపాట్లు బయటపడును.

రైతులు వెంటనే చేయదగిన పని యొకటి గలదు. గుర్తింపు పొందిన పేరును చట్టబద్ధముగా వాడుకొనవలెనన్నచో ఆ పేరు గల సంస్థ పేర నమోదు జరిగియుండుట చాలదు. పండించు ప్రతి రైతు 'అధీకృత వినియోగదారు'గా వేరుగా నమోదు కావలెను. దరఖాస్తు చెన్నైలోని భౌగోళిక సూచికల రిజిస్ట్రీకి పంపవలెను. 2020 లో సవరించిన నిబంధనల ద్వారా దరఖాస్తు రుసుమును పది రూపాయలకు తగ్గించిరి. పేరునకు గుర్తింపు పదేండ్లు. ఆ పిమ్మట మరల పొడిగించుకొనవలెను. ఇందులో ఒక మెలిక గలదు, దానిని విస్తరణాధికారులు రైతులకు విప్పిచెప్పవలెను. చట్టములో 'ఉత్పత్తిదారు' అను మాటకు చెప్పిన అర్థములో పండించువాడు మాత్రమే కాక సరుకును శుద్ధి చేయువాడు, మూట కట్టువాడు, ఆ సరుకుతో వ్యాపారము చేయువాడు కూడ చేరియున్నారు. వ్యాపారులకు ఈ సంగతి తెలియును. నమోదైన వారి పట్టిక రిజిస్ట్రీవారి వెబ్‌సైటులో ఎవరైనను చూడవచ్చును. గ్రామాధికారులు తమ మండలపు పంట పేరు తీసి, అందులో రైతులెందరో, తక్కినవారెందరో ఒకసారి లెక్కించి, ఆ అంకెను రాబోవు గ్రామసభలో చదివి వినిపింతురుగాక.